రాత్రిపూట కారు వైరింగ్ పని, వీధి లేవకుండా

కార్ల శీర్షికకు ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ రాష్ట్ర సరిహద్దుకు అవతల, ఒడిశా, మహారాష్ట్రల్లో ఉన్న తెలుగువాళ్ళవే. రాయగడ నుంచి సిరొంచ దాకా ఇబ్బంది ఒకటే. పగలంతా డ్యూటీ, కాకపోతే ఎండ. తీరిక దొరికేది రాత్రి భోజనాలయ్యాకే, అప్పుడు బోనెట్ ఎత్తితే పక్కింటి లైటు వెలుగుతుంది. ఎలక్ట్రికల్ పనిలో మన చేతులు చేసే చప్పుడు తక్కువే. గోలంతా బండిది: హారన్, సైరన్, బీపులు. ముందు వాటి నోరు కట్టేయండి. ఆ తర్వాత మోగించి చూసే అలవాటు మానుకుని మీటరుతో (మల్టీమీటరు) కొలవండి. పనిలో ముప్పాతిక వంతు అర్ధరాత్రి కూడా చేసుకోవచ్చు.

ప్రశ్న: మాది పేపరు మిల్లు క్వార్టర్ల వరస. బి షిఫ్టు దిగి వచ్చేసరికి పదిన్నర. కారుకి బయట షాపులో బిగించిన అలారం ఉంది. బ్యాటరీ టెర్మినల్ విప్పగానే సైరన్ ఎత్తుకుంటోంది, తిరిగి పెట్టినప్పుడూ అంతే. స్టీరియో మార్చుకోవాలి. దారి చెప్పండి. (ఒక పాఠకుడు, రాయగడ)

జవాబు: ముందు సైరన్ ఏ రకమో చూడండి. బోనెట్ కింద, గోడవారగా నల్లటి గరాటులా ఉంటుంది. దానికి రెండే వైర్లు వస్తుంటే చాలావరకు సొంత బ్యాటరీ లేని రకం. కనెక్టర్ ఊడదీస్తే మూగబోతుంది. మూడు నాలుగు వైర్లు ఉండి, పక్కన చిన్న తాళం రంధ్రం కనిపిస్తే లోపల సొంత బ్యాటరీ ఉన్నట్టే. కరెంటు పోగానే ఎవరో వైరు కోశారనుకుని అరవడం దాని పని. అలాంటిదాని కనెక్టర్ పీకినా అరుస్తుంది. అలారం బిగించినప్పుడు ఇచ్చిన చిన్న తాళంచెవితో ముందు సైరన్‌నే ఆఫ్ చేయాలి. ఆ తాళంచెవి చాలా ఇళ్ళలో అలారం డబ్బాలోనే, మాన్యువల్ కింద, కవరు కూడా విప్పకుండా పడి ఉంటుంది.

టెర్మినల్ తిరిగి పెట్టినప్పుడు మోగడానికి కారణం వేరు. కరెంటు పోయే సమయానికి అలారం లాక్ స్థితిలో ఉంటే, వచ్చాక కూడా అదే గుర్తుపెట్టుకుని లేస్తుంది. కాబట్టి వరస ఇలా పెట్టుకోండి. రిమోట్‌తో అన్‌లాక్ చేయండి. డ్రైవరు వైపు అద్దం పూర్తిగా దించండి. తాళంచెవి జేబులో వేసుకోండి, సీటు మీద వదలొద్దు. కొన్ని కార్లు కరెంటు తిరిగి రాగానే తలుపులు తామే లాక్ చేసుకుంటాయి. ఫ్యూజు బాక్సు మూత వెనక పటం చూసి హారన్ ఫ్యూజు తీసేయండి. కంపెనీ అలారం చాలా బళ్ళలో హారన్‌నే వాడుకుంటుంది కాబట్టి ఈ ఒక్క ఫ్యూజుతో సగం భయం పోతుంది. అప్పుడు నెగటివ్ టెర్మినల్ విప్పండి, సాధారణంగా 10 నంబరు స్పానర్ సరిపోతుంది. ఎప్పుడూ నెగటివే ముందు. పాజిటివ్ విప్పుతుండగా స్పానర్ బాడీకి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి, స్పానర్ అతుక్కుపోనూ వచ్చు. నెగటివ్ తీశాక ఆ భయం ఉండదు.

టెర్మినల్ తీసిన వెంటనే డాష్‌బోర్డులో చెయ్యి పెట్టకండి. ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌లో కాసేపు ఛార్జి నిలిచి ఉంటుంది. కనీసం 3 నిమిషాలు ఆగండి, మీ బండి మాన్యువల్ ఇంకా ఎక్కువ చెబితే అదే పాటించండి. పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటికి మీటరు పిన్ను ఆనించవద్దు.

స్టీరియో వైర్ల రంగులు చాలా సెట్లకు ఒకటే. పసుపు నిరంతరం వచ్చే 12 వోల్టులు, ఎరుపు తాళంచెవి తిప్పితే వచ్చేది, నలుపు ఎర్తు, నీలం యాంటెన్నాకి, నీలం మీద తెల్ల చార యాంప్లిఫయర్‌ని లేపే వైరు. తెలుపు ఎడమ ముందు స్పీకరు, బూడిద రంగు కుడి ముందు, ఆకుపచ్చ ఎడమ వెనక, వంగపండు రంగు కుడి వెనక. నల్ల చార ఉన్నది ఆ జతలో మైనస్. బండి వైపు హార్నెస్‌లో (వైర్ల కట్టలో) ఈ రంగులు ఉంటాయన్న హామీ లేదు, అటు మీటరే నమ్మాలి.

జాయింట్లకు సుత్తి వాడకండి. లగ్‌ని (వైరు చివర తొడిగే లోహపు ముక్కని) రాయి మీద పెట్టి కొట్టి బిగించే పద్ధతి మన షెడ్లలో ఇంకా కనిపిస్తుంది. చప్పుడు సరే, లోపల తీగ పోచలు తెగి ఆర్నెల్లకి వైరు వేడెక్కడం దాని అసలు నష్టం. క్రింపింగ్ ప్లయర్ ఒకటి కొనుక్కోండి, చిన్నగా క్లిక్ మంటుందంతే. జాయింటు మీద తొడిగి వేడి చేస్తే ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టానికి వేడి గాలి కొట్టే గన్ను బదులు సోల్డరింగ్ ఐరన్ కడ్డీని దగ్గరగా తిప్పితే చాలు. యాంప్లిఫయర్ ఎర్తు కోసం రాత్రి డ్రిల్ వేసే పని పెట్టుకోకండి. సీటు కింద బాడీకి ఉన్న బోల్టు ఒకటి చూసుకుని, దాని చుట్టూ రంగు గీకి, రింగ్ లగ్ బిగించండి. సీటు బెల్టు బోల్టు మాత్రం ముట్టొద్దు.

స్పానర్లు, బోల్టులు పెట్టే రేకు పళ్ళెంలో పాత తువ్వాలు పరవండి. సిమెంటు నేల మీద రాత్రి పదకొండుకి పడిన ఒక్క సాకెట్ చప్పుడు నాలుగు క్వార్టర్లకి వినిపిస్తుంది.

ప్రశ్న: మా కారు రెండు రోజులు తీయకపోతే బ్యాటరీ దిగిపోయి సెల్ఫ్ తిరగడం లేదు. బ్యాటరీ కొత్తదే. ఏదో కరెంటు లాగుతోందని మెకానిక్ అన్నాడు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, రాత్రి, తలుపులు దబదబ వేయకుండా నేనే కనిపెట్టగలనా? (ఒక పాఠకురాలు, బరంపురం)

జవాబు: కనిపెట్టగలరు. ఈ పనికి రాత్రే మంచిది కూడా, ఎవరూ వచ్చి తలుపు తీయరు.

ముందు లెక్క చూడండి. ఆపి, లాక్ చేసి, నిద్రపోయిన కారు 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు లాగితే మామూలే. అదే 400 మిల్లీ ఆంపియర్లు లాగితే రోజుకి 9.6 ఆంపియర్ అవర్లు పోతాయి. చిన్న పెట్రోలు కార్లలో ఉండేది 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ. రెండు రోజుల్లో సగానికి పైగా ఖాళీ అవుతుంది. సెల్ఫ్ తిరగకపోవడంలో వింత లేదు.

బోనెట్ ఎత్తి ఉంచండి. డ్రైవరు తలుపు తీసి, దాని అంచున ఉన్న లాచ్ కొక్కేన్ని స్క్రూడ్రైవరుతో నెట్టండి. రెండు మెట్లు పడేదాకా నెడితే తలుపు తెరిచే ఉన్నా మూసినట్టే అనుకుంటుంది బండి. లోపలి లైటు ఆరిపోతుంది, తలుపు కొట్టే పనే లేదు. అయిపోయాక హ్యాండిల్ లాగి లాచ్ విడిపించడం మరచిపోకండి. అలాగే మూయబోతే లాచ్ వంగుతుంది, చప్పుడూ గట్టిదే. రిమోట్‌తో లాక్ చేయండి. కీలెస్ బండి (తాళంచెవి జేబులో ఉంటే చాలు, తెరుచుకునేది) అయితే ఆ తర్వాత తాళంచెవిని ఇంట్లో పెట్టి రండి, దగ్గర్లో ఉంటే బండి నిద్రపోదు. అలా 30 నిమిషాలు వదిలేయండి. లోపలి యూనిట్లు ఒక్కొక్కటే ఆగడానికి ఆ మాత్రం పడుతుంది. తొందరపడి ఐదో నిమిషంలో కొలిచి 2 ఆంపియర్లు చూసి బెదిరిపోయే వాళ్ళే ఎక్కువ.

మీటరు ఎర్ర వైరుని 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చండి. ఇప్పుడొక ఒడుపు ఉంది. నెగటివ్ టెర్మినల్ నట్టు వదులు చేయండి, ఇంకా పైకి తీయకండి. మీటరు ఒక మొసలి క్లిప్పు బ్యాటరీ పోస్టుకి, రెండోది టెర్మినల్ వైరుకి పట్టించి, ఆ తర్వాతే టెర్మినల్‌ని మెల్లగా పైకి లాగండి. కరెంటు తెగకుండా మీటరు గుండా పోతుంది. తెగిందా, మళ్ళీ ఇచ్చినప్పుడు బండి లేచి కూర్చుంటుంది, ఇంకో అరగంట ఆగాలి. మీటరు పెట్టి ఉండగా తలుపు తీయడం, తాళంచెవి తిప్పడం చేయొద్దు. సెల్ఫ్ కొడితే వందల ఆంపియర్లు, మీటరు ఫ్యూజు అక్కడికక్కడే పోతుంది. 10 ఆంపియర్ల రంధ్రానికి ఫ్యూజే లేని చవక మీటర్లు ఉంటాయి, వాటిలో మీటరే పోతుంది.

50 మిల్లీ ఆంపియర్ల (ఆంపియర్లలో 0.05) కంటే ఎక్కువ చూపిస్తే తర్వాతి మెట్టు. టెర్మినల్‌ని ముందు పోస్టు మీద తిరిగి బిగించి, ఆ తర్వాతే మీటరు క్లిప్పులు తీయండి. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూసే పాత పద్ధతి వద్దు. పీకి పెట్టినప్పుడల్లా ఏదో ఒక యూనిట్ లేచి లెక్క తప్పిస్తుంది, ఒక్కోసారి బీప్ కూడా కొడుతుంది. బ్లేడు ఫ్యూజు నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలు ఉంటాయి. మీటరు ఎర్ర వైరుని వోల్టుల రంధ్రంలోకి మార్చి, 200 మిల్లీవోల్టుల మీద పెట్టి రెండు పిన్నులూ వాటికి ఆనించండి. ఫ్యూజులోంచి కరెంటు పోతుంటే కొంచెం వోల్టేజి కనిపిస్తుంది, పోకపోతే సున్నా. చిన్న సైజు 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు మీద 0.1 మిల్లీవోల్టు కనిపిస్తే సుమారు 13 మిల్లీ ఆంపియర్లు, 1 మిల్లీవోల్టు కనిపిస్తే 130. నీలం రంగు 15 ఆంపియర్ల ఫ్యూజుకి అదే 1 మిల్లీవోల్టు 200 దాటుతుంది. అంకె వచ్చిన ఫ్యూజు మీద పేరు ఏముందో మూత వెనక చదవండి. దొంగ ఆ దారిలోనే ఉన్నాడు.

ఎక్కువగా దొరికేవి ఇవి: పసుపు వైరుకి నేరుగా కలిపేసిన డాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకరు, లేపే వైరు తప్పుగా కలిపిన యాంప్లిఫయర్, ఆరని డిక్కీ లైటు. డిక్కీ లైటు సంగతి తేల్చడం సులువు. ఫోనులో వీడియో రికార్డింగ్ పెట్టి డిక్కీలో పడేసి మూయండి, అరనిమిషం తర్వాత తీసి చూడండి. మీ వైపు సముద్రపు గాలికి తలుపు స్విచ్చులు, ఎర్తు పాయింట్లు పచ్చగా పట్టేస్తాయి, అవీ చూడండి. ట్రాకరు లాంటివి ఉండి ఉండి లేస్తాయి కాబట్టి కరెంటు నిలకడగా ఉండకపోతే మీటరు అంకె మీద ఫోను కెమెరా పెట్టి గంటసేపు టైమ్‌లాప్స్ తీసుకోండి. మీరు పడుకోవచ్చు.

ఏ ఫ్యూజు మీదా అంకె రాకపోతే ఆల్టర్నేటర్‌ని (ఇంజను తిరిగేటప్పుడు బ్యాటరీని ఛార్జి చేసేది) అనుమానించండి. అది పెద్ద వైరుతో దాదాపు నేరుగా బ్యాటరీకి కలుస్తుంది. లోపలి డయోడు లీకైతే బండి ఆపి నాలుగైదు గంటలైనా, చుట్టూ ఇంజను చల్లబడినా, ఆల్టర్నేటర్ ఒక్కటే చేతికి గోరువెచ్చగా తగులుతుంది.

ప్రశ్న: హారన్ బొంగురుపోయింది, ఒక్కోసారి అసలు పలకదు. మాది బొగ్గు గనుల కాలనీ, నైట్ షిఫ్టు వాళ్ళు పగలు నిద్రపోతారు, మిగతావాళ్ళు రాత్రి. హారన్ కొట్టి చూడటానికి వేళే లేదు. (ఒక పాఠకుడు, బల్లార్షా)

జవాబు: హారన్ స్థానంలో బల్బు పెట్టండి. పాత హెడ్‌లైట్ బల్బు 55 వాట్లది, గాజు మాడనిది ఒకటి తీసుకుని రెండు వైర్లు కలపండి. ఇండికేటరు బల్బు 21 వాట్లది కూడా వెలుగుతుంది కానీ అది 2 ఆంపియర్ల లోపే లాగుతుంది. హారన్ ఒక్కొక్కటి 3 నుంచి 5 లాగుతుంది. బలహీనమైన వైరింగ్ చిన్న బల్బుని సులభంగా వెలిగించి మనల్ని మోసం చేస్తుంది. హెడ్‌లైట్ బల్బు హారన్‌కి సరిజోడు. వేడెక్కుతుంది కాబట్టి ప్లాస్టిక్‌కి తగలకుండా పట్టుకోండి.

రెండు హారన్ల కనెక్టర్లూ తీసి, బల్బుని ఒకదానికి కలిపి, స్టీరింగ్ మీద నొక్కండి. తెల్లగా నిండుగా వెలిగితే వైరింగ్ బాగుంది, హారనే పోయింది. ఎర్రగా మసకగా వెలిగితే బల్బు రెండు చివరలా వోల్టేజి చూడండి. బ్యాటరీ దగ్గరున్న దానికంటే అర వోల్టుకి మించి తక్కువుంటే దారిలో తుప్పు ఉంది. ఒకే వైరు వచ్చే హారన్ అయితే ఎర్తు దాని బ్రాకెట్ బోల్టు ద్వారానే. బొగ్గు దుమ్ము, వాన తడి కలిసి ఆ బోల్టు కింద పొరకడతాయి. బల్బు మైనస్‌ని ఒకసారి బ్రాకెట్‌కి, ఒకసారి బ్యాటరీ నెగటివ్‌కి పెట్టి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. బోల్టు విప్పి గీకి, బిగించి, పైన వాసెలిన్ పూయండి.

అసలు వెలగకపోతే ఫ్యూజు బాక్సులో హారన్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చు డబ్బా) మీద వేలు పెట్టి ఇంకొకరిని నొక్కమనండి. టిక్ మని వేలికి తెలియాలి. లేదంటే పక్కనున్న అదే నంబరు రిలేతో మార్చి చూడండి. హారన్‌తో పాటు ఎయిర్‌బ్యాగ్ లైటు కూడా డాష్‌బోర్డులో వెలుగుతుంటే స్టీరింగ్ లోపల చుట్టలా ఉండే వైరు పట్టీ, క్లాక్ స్ప్రింగ్, తెగి ఉండొచ్చు. దాన్ని షెడ్డుకే వదిలేయండి.

బొంగురు గొంతుకి హారన్ వెనక చిన్న స్క్రూ ఉంటుంది, పావు చుట్టు అటూ ఇటూ తిప్పితే సరవుతుంది. ఇది వినకుండా చేసే పని కాదు. ఊరి బయట, పగలు చేసుకోండి.

ప్రశ్న: నాలుగు స్పీకర్లలో ఒకటి పలకడం లేదు. పాట పెట్టకుండా ఏది పోయిందో, వైరా స్పీకరా తెలుసుకోవచ్చా? ఇయర్‌ఫోన్ పెట్టి వినొచ్చా? (ఒక పాఠకుడు, సిరొంచ)

జవాబు: స్టీరియో వెనక కనెక్టర్ తీసి, బండి వైపు ఒక్కో జతకి ఓమ్స్ కొలవండి. 4 ఓమ్ స్పీకరు మీటరు మీద 3.2 నుంచి 3.8 దాకా చూపిస్తుంది. ఏమీ చూపకపోతే వైరు గానీ కాయిల్ గానీ తెగింది. అప్పుడు తలుపు ప్యానెల్ తీసి స్పీకరు దగ్గరే కొలవండి. తలుపు, బాడీ మధ్య రబ్బరు గొట్టంలో వైరు తెగడం మామూలు. సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకరు, ట్వీటరుకి, కెపాసిటర్ ఉంటుంది కాబట్టి అది బాగున్నా మీటరుకి తెగినట్టే కనిపిస్తుంది, తొందరపడి పారేయకండి. ఏ స్పీకరు వైరూ బాడీతో కలవకూడదు, అదీ చూడండి. కలిస్తే స్టీరియో లోపలి చిప్పు (ఐసీ) వేడెక్కి ఆగిపోతుంది.

ప్లస్ మైనస్ తెలుసుకోవడానికి గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్లు చాలు. వైర్లకి క్షణం తాకించి తీయండి. టప్ మని చిన్న చప్పుడు, కోను బయటికి కదిలితే మీరు ప్లస్ అనుకున్నది ప్లస్సే.

ఇయర్‌ఫోన్ మాత్రం స్పీకరు వైర్లకి పెట్టొద్దు. కార్ స్టీరియోలో స్పీకరు మైనస్ కూడా ఎర్తు కాదు, రెండు వైర్లలోనూ కరెంటు ఆడుతుంది. ఇయర్‌ఫోన్ పిన్ను రెండు వైపుల మైనస్‌లనీ ఒకటి చేసేస్తుంది. స్టీరియో పోతుంది, వాల్యూమ్ ఉంటే చెవి కూడా. వెనక యాంప్లిఫయర్‌కి కలిపే గుండ్రటి ఆర్‌సీఏ సాకెట్లు ఉంటే వాటికి చిన్న హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ కలిపి వినండి.

ప్రశ్న: ఇంజను లైటు వచ్చింది. రాత్రి స్కానర్ పెడితే ఇంజను స్టార్ట్ చేయాలా? (గుణుపురం)

జవాబు: అక్కర్లేదు. తాళంచెవి ఆన్ వరకు తిప్పితే బండి రాసిపెట్టుకున్న లోపాల కోడ్లన్నీ చదవొచ్చు. పెట్రోలు పంపు ఓ రెండు సెకన్లు గుయ్ మంటుంది, అంతే. సీటు బెల్టు బకిల్ ముందే పెట్టేయండి, ఆ బీప్ ఉండదు. స్కానర్ కనెక్టే కాకపోతే బ్యాటరీ నెగటివ్ తీసి, స్కానర్ పెట్టే సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్ కొలవండి. చాలా బళ్ళలో 60 దగ్గర రావాలి, బండి యూనిట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఆ లైను రెండు చివరలా ఒక్కో 120 ఓమ్ ఉంటుంది. 120 వస్తే ఒక చివర తెగింది. సున్నా దగ్గరైతే రెండు వైర్లూ కలిసిపోయాయి. చదివిన కోడ్లు రాసుకోకుండా చెరిపేయకండి.

ప్రశ్న: లాక్ చేసినప్పుడల్లా పీక్ మనే శబ్దం ఆపొచ్చా? హారన్ వైరు కోసేయమంటున్నారు. (పర్లాకిమిడి)

జవాబు: కోయొద్దు. కొన్ని బళ్ళలో స్క్రీన్ సెట్టింగుల్లోనే ఉంటుంది, కొన్నింటికి సర్వీసు సెంటరులో కంప్యూటరు పెట్టి ఆపుతారు. బయటి అలారాలకు చాలావాటిలో చప్పుడు లేకుండా లాక్ చేసే బటన్ ఉంటుంది, మాన్యువల్ చూడండి.

ప్రశ్న: పొరుగువారు పోలీసులకి చెబుతామంటున్నారు. సొంత ఇంటి ముందు పనికి కూడా నిబంధనలున్నాయా? మహారాష్ట్రలో వేరా? (ధర్మాబాద్)

జవాబు: ఉన్నాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు కేంద్రానివి, ధర్మాబాద్‌లో అయినా బాసరలో అయినా ఒకటే. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. నివాస ప్రాంతాల్లో రాత్రి అత్యవసరమైతే తప్ప హారన్ కొట్టకూడదని కూడా ఉంది. మామూలు మాటే 60 దగ్గర ఉంటుంది కాబట్టి 45 అంటే ఎంత తక్కువో ఊహించండి.

ఇంజను నడవక తప్పని పనులు కొన్ని ఉంటాయి: ఆల్టర్నేటర్ ఛార్జింగ్ కొలవడం, స్టీరియోలో వచ్చే ఈల చూడటం, బ్యాటరీ తీసి పెట్టాక ఐడిల్ (నిలబడి ఉన్నప్పటి ఇంజను వేగం) సర్దుకోనివ్వడం. అవన్నీ కాగితం మీద రాసుకుని ఆదివారం ఉదయం ఒక్క అరగంటలో ముగించండి, ముందు రోజే పక్కింట్లో ఒక మాట చెప్పండి. చప్పుడు బయటికి పోకూడదని షెడ్డు షట్టరు దించి లోపల ఇంజను నడపడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

ప్రశ్న: డిసెంబరు చలిలో డాష్‌బోర్డు ప్యానెల్ లాగితే క్లిప్పులు ఫట్ ఫట్ మని విరుగుతున్నాయి. (కోరాపుట్)

జవాబు: చలికి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. వేడినీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డని ప్లాస్టిక్ కవరులో చుట్టి, క్లిప్పు ఉన్నచోట రెండు నిమిషాలు ఆనించండి. స్క్రూడ్రైవరు బదులు నైలాన్ బద్ద వాడండి. ప్యానెల్ అంచున కాకుండా క్లిప్పు పక్కనే దూర్చి మెల్లగా తిప్పాలి. మీ మోడల్ క్లిప్పులు ఓ పది ముందే కొని పెట్టుకోండి. తిరిగి బిగించే ముందు వదులుగా వేలాడే వైర్లకి గుడ్డ టేపు చుట్టండి, లేకపోతే ఘాటు రోడ్డు ఎక్కిన మొదటి మలుపు నుంచే ప్యానెల్ వెనక టకటక మొదలవుతుంది.